పాడ్యమి నాటి సముద్రం

ఒకే ప్రశ్నను ఇప్పటికి ఐదుసార్లు అడిగాను. ఒకసారి ఎదురుగా, ఒకసారి ఫోనులో, మూడుసార్లు మా డీలర్ల వాట్సాప్ గ్రూపులో. గ్రూపులో పెట్టిన ప్రతిసారీ అందరూ చదివినట్టు నీలం గీతలు పడ్డాయి. తర్వాత ఎవరో ఒకరు ఆలుగడ్డ పంట ఫోటో పెడతారు, లేకపోతే దేవుడి బొమ్మ పెడతారు. నా ప్రశ్న పైకి జరిగి కనబడకుండా పోతుంది. అందుకని ఈసారి మొదటి నుంచి రాస్తున్నాను.

జహీరాబాద్‌లో మాకు విత్తనాల దుకాణం ఉంది. బాగా సరుకు అమ్మిన డీలర్లను కంపెనీ వాళ్ళు ఏడాదికోసారి విదేశాలకు తీసుకువెళ్తారు. మా వ్యాపారంలో అదొక ఆనవాయితీ. మొదట బ్యాంకాక్, తర్వాత దుబాయ్. ఆ రెండింటికీ నన్ను పిలవలేదు. ఎందుకు పిలవలేదో కూడా ఎవరూ చెప్పలేదు, ఆ సంగతి వేరే. మూడోసారి ఆఫ్రికా అన్నారు. టాంజానియా అడవిలో నాలుగు రోజులు జీపుల్లో తిరిగి జంతువులను చూడటం, తర్వాత చిన్న విమానంలో జాంజిబార్ ద్వీపానికి పోయి రెండు రోజులు సముద్రపు ఒడ్డున ఉండటం. ఈసారి భార్యలను కూడా తీసుకురమ్మన్నారు.

మా ఆవిడది ఝరాసంగం దగ్గర ఒక ఊరు. యాభై దాటినా సముద్రం చూడలేదు. కంపెనీ వాళ్ళిచ్చిన రంగుల కాగితంలో పై సగం సింహం, కింది సగం నీలం సముద్రం. ఆవిడ సింహాన్ని వెనక్కి మడిచి, సముద్రం కనబడేట్టు ఆ కాగితాన్ని దేవుడి గూట్లో పెట్టుకుంది.

"గా సింహాలు పులులు నువ్వు చూస్కో. నేనైతే సముద్రం కోసమే వస్తున్న," అంది.

ఆఫ్రికాలో పులులు ఉండవని చెప్పాను.

"మంచిగైంది. ఒకటి తక్కువాయె," అంది.

అడ్డం ఒకటే. ఆ రోజుల్లోనే ఎల్లమావాస్య పడింది. కర్ణాటక సరిహద్దున ఉన్న మా ఊళ్ళలో అది పెద్ద పండుగ. ఇంటిల్లిపాదీ చేనుకు పోయి, పైరుకు పూజ చేసి, చుట్టూ అంబలి చల్లి, దారిన పోయేవాళ్ళను కూడా పిలిచి అన్నం పెడతాం. ఆవిడ ఎన్నడూ ఆ రోజు చేను దగ్గర లేకుండా లేదు. ఈసారికి సముద్రం కోసం వదులుకుంది. సజ్జ రొట్టెలు కరకరలాడేట్టు కాల్చి, నువ్వుల పొడి సీసాలో పోసి, సూట్‌కేసులో చీరల మధ్య పెట్టుకుంది.

మేము పద్నాలుగు మందిమి, ఏడు జంటలు. మాకు పెద్ద, కోహీర్ ఊరి పటేల్. అందరికంటే పాత డీలరు. పేరు రాయను, చదివితే ఆయనకు తెలుస్తుంది. మాతో హైదరాబాదు నుంచి ఒక టూర్ మేనేజరు వచ్చాడు. రెండు జీపులు. పటేల్‌ది మొదటి జీపులో ముందు సీటు. మాది రెండో జీపులో చివరి సీటు. నాలుగు రోజులూ మొదటి జీపు లేపిన దుమ్ము మేమే తిన్నాం. సీటు మార్చమని రెండుసార్లు అడిగాను. రేపు చూద్దామన్నారు. ఆ రేపు రాలేదు.

అడవి అని పేరే గాని అక్కడ చెట్లు తక్కువ. ఎటు చూసినా గడ్డి. గడ్డి కింద నల్లరేగడి. మావాళ్ళు సింహాల కంటే ఆ మట్టినే ఎక్కువ చూశారు.

"అరే, గింత భూమి బీడు పెట్టిన్రు. పత్తి ఏస్తే ఎట్లుంటుండె!"

"ఏసినవ్ తియ్యి. ఏరనీకి కూలోళ్ళను ఆ సింహాలు రానిస్తయా?"

నాలుగు సింహాలు ముళ్ళ చెట్టు కింద పడుకుని ఉన్నాయి. ఒకటి తల ఎత్తి మమ్మల్ని చూసి, మళ్ళీ పడుకుంది. ఫోటోలు తీశారు. మా ఆవిడ కిటికీకి తల ఆనించి, ఇంకెన్ని రోజులని అడిగింది. ఇంకొక్క రోజు అన్నాను.

నాలుగో రోజు మధ్యాహ్నం డేరా కింద భోజనాలప్పుడు మేనేజరు లేచి, రేపు ఉదయం ద్వీపానికి విమానం, సామాను సర్దుకోండి అని చెప్పాడు. పటేల్ చెయ్యి కడుక్కోకుండానే అన్నాడు:

"రేపు అమావాస్య. అమావాస్య నాడు పయనమేంది? అందులో నీళ్ళు దాటి పోవాలె. ఎల్లుండికి మార్చు."

"పటేలా, ఎల్లుండి పాడ్యమి. అది మంచిదా మరి?" అని ఎవరో నవ్వుతూ అన్నారు.

"పాడ్యమికి నేను జిమ్మేదార్. నీకేం ఫికర్?"

ఒక రోజు మారిస్తే ద్వీపంలో ఒక్క పూటే మిగులుతుందని, తిరుగు విమానం మారదని మేనేజరు చెప్పాడు. అప్పుడు బల్ల చివర నుంచి మా ఆవిడ మాట్లాడింది. నలుగురిలో ఆవిడ నోరు తెరవడం నాకు తెలిసి అదే మొదలు.

"అన్నా, మనకు ఎల్లమావాస్య పండుగ కదనే. పండుగ నాడు పాడెట్లయితది? పోదాం పా."

పటేల్ ఆవిడ వైపు తిరిగాడు. "చెల్లే, గా మామిడికాయ తొక్కు జర ఇటియ్యి," అన్నాడు.

ఆవిడ తొక్కు సీసా అందించింది. ఆ తర్వాత మార్చాలనుకునేవాళ్ళను చేతులెత్తమన్నారు. ఎత్తారు. నేను ఎత్తలేదు. వద్దని కూడా అనలేదు. అది కూడా రాస్తున్నాను, దాచినట్టు ఉండకూడదని.

అమావాస్య నాడు మళ్ళీ అవే సింహాలను చూశాం. అదే చెట్టు కింద ఉన్నాయి.

పాడ్యమి నాడు ఉదయం పది గంటలకు ద్వీపంలో మా హోటలు చేరాం. సామాను గదిలో పెట్టకముందే మా ఆవిడ చెప్పులు చేత పట్టుకుని ఇసుకలోకి నడిచింది. నేను వెనక వెళ్ళాను. ఇసుక అయిపోయి బురద మొదలైంది. బురదలో పడవలు ఒక పక్కకు ఒరిగి ఉన్నాయి. నీళ్ళు లేవు. చాలా దూరంలో తెల్లటి గీత ఒకటి కనబడింది.

"సముద్రమేది?" అంది.

నేను ఆ గీత చూపించాను.

"గంత దూరముంటదా?"

నాకు తెలియదు. ఆవిడ మోకాళ్ళు అంతదూరం నడిచేవి కావు. కింద పదునైన రాళ్ళున్నాయి. అలాగే నిలబడ్డాం. మాకు దగ్గరలోనే బురదలో కొందరు ఆడవాళ్ళు పుల్లలు వరసగా పాతి, తాళ్ళు కట్టి, ఆ తాళ్ళకు సముద్రపు నాచు పెంచుతున్నారు. కోసి గోనెసంచుల్లో నింపుతున్నారు. మా ఆవిడ కాసేపు చూసింది.

"టమాటకు కట్టినట్టే కట్టిన్రు. ఇది చేనే కదనయ్య," అంది.

గదికి వెళ్ళి సజ్జ రొట్టెలు తెచ్చింది. ఒకటి నలిపి ఆ నాచు మడి చుట్టూ చల్లింది. ఒకరోజు ఆలస్యంగా ఆవిడ పండుగ అక్కడ జరిగింది. నాచు కోసే ఆడవాళ్ళు నవ్వారు. వాళ్ళకు తలా ఒక రొట్టె, చిటికెడు నువ్వుల పొడి పెట్టింది. ఒకామె తిని, తల ఊపి, గుప్పెడు నాచు ఆవిడ చేతిలో పెట్టింది.

అప్పుడే పటేల్ ఒడ్డు మీదికి వచ్చాడు. సముద్రం ఇలా ఎందుకుందని మా ఆవిడే అడిగింది.

"ఇక్కడ సముద్రం గింతే, చెల్లే. ఫోటోలల్ల నీళ్ళు పోసి చూపెడతరు. నడువున్రి, లవంగాల బజారుకు పోదాం, మల్ల బందయితది."

రెండు గంటలకు బస్సెక్కాం. ఆవిడ కిటికీ వైపు కూర్చోలేదు. పటేల్ బజారులో లవంగాలు కొన్నాడు. అటునుంచి అటే విమానాశ్రయానికి వెళ్ళాం.

ఇంటికి వచ్చాక, మచిలీపట్నం తీసుకుపోతానన్నాను. "ఏమద్దు. చూస్తిమి కదా, అన్నీ గట్లనే ఉంటయేమో," అంది. దేవుడి గూట్లోని కాగితం తీసేసింది. ఇంకెవరైనా ఆఫ్రికా ముచ్చట అడిగితే, "సముద్రం చూడలే. సముద్రముండే జాగ చూసిన," అనేది. వాళ్ళు నవ్వేవాళ్ళు. ఆవిడ కూడా నవ్వేది. వానాకాలంలో జ్వరం వచ్చింది. దవాఖానలో పదకొండు రోజులు ఉంది. తర్వాత లేదు.

పటేల్ దశదినానికి వచ్చాడు. షామియానా కింద నా పక్కన కూర్చుని, సింహాలను ఎంత దగ్గరగా చూశామో పక్కవాళ్ళకు చెప్పాడు. నేను విన్నాను. నాకు ఏమీ అనిపించలేదు. ఇప్పటికీ పెద్దగా ఏమీ అనిపించదు. దుకాణం తెరుస్తాను, మూస్తాను.

కొన్ని నెలలకు కంపెనీ మీటింగులో ఆ టూర్ మేనేజరు కలిశాడు. మేడమ్ ఎట్లున్నరని అడిగాడు. చెప్పాను. కుర్చీ నా దగ్గరికి జరుపుకున్నాడు. తర్వాత అన్నాడు:

"ఆ రోజు ఆగితే బాగుండు సార్. అమావాస్య, పాడ్యమికి అక్కడ నీళ్ళు పొద్దున చాలా దూరం పోతయి, సాయంత్రం అంతే జోరుగా హోటలు మెట్ల దాకా వస్తయి. నాలుగింటికి వస్తయి, ఐదింటికి పోదాం, విమానానికి టైముందని బస్సెక్కకముందే పటేల్ సార్‌కు చెప్పిన. ఎవరికీ చెప్పకు, బజారు బందయితదన్నరు."

మరుసటి వారం పటేల్‌ను ఆయన దుకాణంలోనే అడిగాను. "ఇప్పుడు గా ముచ్చటెందుకే, పోయిన మనిషొస్తదా?" అన్నాడు. ఫోనులో అడిగితే, బేరం మీదున్న మల్ల చేస్త అన్నాడు. చేయలేదు. గ్రూపు సంగతి మొదటే రాశాను.

నీళ్ళు లేకపోవడం నీ తప్పని నేను అనడం లేదు పటేలా. అమావాస్యను నమ్మడం కూడా తప్పనను. మా ఆవిడ నిన్ను అన్నా అని పిలిచి అడిగింది. ఇక్కడ సముద్రం గింతే అని నువ్వు చెబితే, నమ్మి ఇంకో సముద్రం అడగకుండా పోయింది. కాబట్టి ఆరోసారి అడుగుతున్నాను. సాయంత్రం నాలుగింటికి నీళ్ళు వస్తాయని, ఆ మాట అన్నప్పుడు నీకు తెలుసా, తెలియదా? నాకు క్షమాపణ వద్దు, పెద్దమనుషుల పంచాయితీ వద్దు. తెలుసు, లేకపోతే తెలియదు. రెండింటిలో ఒకటి. జవాబియ్యి.