నీలూ అని మూడుసార్లు

ఏప్రిల్ మధ్యాహ్నం నాలుగూ ఇరవైకి, మైదానం చివరనున్న సామాన్ల షెడ్డు వెనక నుంచి ఎవరో ‘నీలూ’ అని పిలిచారు. మగ గొంతు. కాస్త ఆగి మళ్ళీ పిలిచారు. ఇంకాస్త ఆగి మూడోసారి. నా నోట్‌బుక్‌లో ఆ పేజీ ఇప్పటికీ ఉంది: ‘4.20. షెడ్డు వైపు ఎవరో నీలూ అనే అమ్మాయిని పిలుస్తున్నారు. మూడుసార్లు. ఆ అమ్మాయి పలకలేదు.’

మూడుసార్లు పిలిచినా పలకని ఆ నీలూ ఎవరో చూద్దామని లేచాను. షెడ్డు వెనక అమ్మాయి లేదు. పిలిచినవాడూ లేడు. మెత్తలు బిగించిన ఇనుప చట్రం ఒకటి ఉంది. దాన్ని స్లెడ్ అంటారు, ఆటగాళ్ళు భుజాలతో నేలమీద తోసుకుంటూ పోవాలి. దాని పక్కన ఒక కుర్రాడు హెల్మెట్‌తో సహా బోర్లా పడి ఉన్నాడు. మెడమీద చెయ్యి వేస్తే పెనంలా కాలింది.

నేను విజయవాడలో ఒక తెలుగు దినపత్రికలో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేశాను. ఎక్కువ కాలం స్పోర్ట్స్ డెస్కే. ఫలానా ఇంట్లో గజ్జెల చప్పుడు, ఫలానా మలుపులో తెల్లచీర అంటూ జిల్లాల నుంచి వార్తలొచ్చేవి. కళ్ళారా చూసినవాడి పేరూ చిరునామా పంపమని తిప్పికొట్టేవాణ్ణి. ఒక్కరూ పంపలేదు. ఆ వార్తల్ని చెత్తబుట్టలో వేసినందుకు నాకు ఇప్పటికీ విచారం లేదు. అందుకే ఇక్కడ నేను చూసింది, విన్నది, తర్వాత అడిగి తెలుసుకున్నది మాత్రమే రాస్తున్నాను.

అది 2009. మా అక్క కూతురు సుజాత అమెరికాలో, అర్కాన్సాలోని ఒక కాలేజీ ఊళ్ళో ఫుట్‌బాల్ జట్టుకు అథ్లెటిక్ ట్రైనర్. అంటే ఆట నేర్పేది కాదు, దెబ్బలకు కట్టుకట్టి, వాళ్ళ ఒళ్ళు కనిపెట్టుకుని ఉండే ఉద్యోగం. వైజాగ్‌లో ఫిజియోథెరపీ చదివి వెళ్ళింది. ఏడాదిగా ఫోన్లు తగ్గించేసింది. చేసినా రెండు ముక్కలే. “వెళ్ళి చూసిరారా, దానికేమైందో నాతో చెప్పడంలేదు,” అని అక్క నన్ను పంపింది.

ఆ ఊళ్ళో కారు లేనివాడికి కాళ్ళు లేనట్టే. పొద్దున్నే సుజాత కారులో వెళ్ళడం, సాయంత్రం తనతో తిరిగి రావడం. మధ్యలో మైదానం పక్క అల్యూమినియం మెట్లమీద కూర్చుని చూసేవాణ్ణి. అసలు పోటీలు ఆగస్టు తర్వాత. వసంతంలో జరిగేది సాధన, కొత్తవాళ్ళలో ఎవరు నిలుస్తారో తేల్చుకునే పరీక్ష. బంతిని చేత్తో పట్టుకు పరిగెత్తే వాళ్ళ ఫుట్‌బాల్ నాకు పది రోజులకు కాస్త అర్థమైంది. పాత అలవాటు కొద్దీ టైములు వేసి నోట్సు రాసుకునేవాణ్ణి.

ఆటకంటే ముందు నాకు అర్థమైంది కోచ్. చేసిన తప్పుకు శిక్ష పరుగే. మైదానం ఈ గీత నుంచి ఆ గీతకు, మళ్ళీ వెనక్కు. ఆ పరుగుల్లో ఎవరైనా వాటర్ అన్నారా, జట్టంతా ఇంకో నాలుగుసార్లు పరిగెత్తాలి. నేను విన్నాను. ఒక్కడు నోరు జారితే మిగతా ఎనభైమంది వాణ్ణి చంపేసేలా చూడటం చూశాను. నీళ్ళ సీసాలు గీత పక్కనే వరసగా పెట్టి ఉండేవి. వాటి పక్కన కోచ్ చేతులు కట్టుకుని నిలబడేవాడు.

అంతకుముందు వసంతంలో అదే మైదానంలో కాల్విన్ అనే పందొమ్మిదేళ్ళ ఆటగాడు చనిపోయాడని ఊరి పత్రికలో చదివాను. పుట్టుకతో గుండెలో లోపమట. సుజాతను అడిగితే, “వద్దు మావయ్యా, ఆ టాపిక్ వద్దు,” అంది.

ఇప్పుడు మళ్ళీ ఆ మధ్యాహ్నానికి వస్తాను. పడిపోయిన కుర్రాడి పేరు ఆండ్రే. పొద్దుటి మీటింగ్‌కి ఆరు నిమిషాలు లేటుగా వచ్చాడని, జట్టు అవతలి మైదానంలో ఉంటే అతణ్ణి ఒంటరిగా షెడ్డు వెనక స్లెడ్ తొయ్యమన్నారు. నేను అరిచిన అరుపుకు సుజాత పరిగెత్తుకొచ్చింది. వెనకే కోచ్ నడుచుకుంటూ వచ్చాడు. నడుచుకుంటూ.

“నాటకాలు ఆపి లేవమను,” అన్నాడు.

సుజాత అతని ఛాతీమీద చెయ్యి పెట్టి పక్కకు నెట్టింది. “మూవ్, కోచ్! ఐస్ టబ్ ఎక్కడ? ఐస్ టబ్!”

నలుగురు ఎత్తి ఆండ్రేని ఐసు నీళ్ళలో ముంచారు. అంబులెన్సు వచ్చింది. బతికాడు. ఇంకో పది నిమిషాలు ఆలస్యమైతే దక్కేవాడు కాదని డాక్టర్ సుజాతతో అన్నాడు.

ఆసుపత్రి పార్కింగ్‌లో కారు స్టార్ట్ చెయ్యబోతూ తను అడిగింది. “నువ్వు షెడ్డు వెనక్కి ఎందుకెళ్ళావు మావయ్యా? మెట్లమీంచి నీకు అక్కడిదేమీ కనబడదు కదా?”

“ఎవడో నీలూ నీలూ అని పిలుస్తుంటే, ఎవరమ్మా ఆ మహాతల్లి అని వెళ్ళాను.”

తాళం తిప్పబోయిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. నా వైపు తిరిగింది. తర్వాత, “ఎలా అన్నాడు? మళ్ళీ అను,” అంది. అన్నాను. “ఎన్నిసార్లు?” మూడు అన్నాను. స్టీరింగ్ మీద తల పెట్టుకుంది.

అప్పుడు చెప్పింది. కాల్విన్ భారీ మనిషి, మాటకారి. మీ ఇంట్లో వాటర్‌ని ఏమంటారని ఒకరోజు అడిగాడట. నీళ్ళు అని చెప్పింది. ఎన్నిసార్లు చెప్పించినా అతని నాలుకకు ‘ళ’ పలకలేదు. “మన చిన్నపిల్లలైనా పలుకుతారురా, నువ్వింత ఉన్నావు,” అని వెక్కిరించేదట. చివరికి నీలూ దగ్గర ఆగిపోయాడు. శిక్ష పరుగుల్లో దాహమైతే నీలూ అనేవాడు. తను చీలమండ పట్టీ సరిచేస్తున్నట్టు వంగి, సీసా అతని నోటికి అందించేది. కోచ్ అది సుజాత ముద్దుపేరనుకుని, కొన్నాళ్ళు అతనూ నీలూ అని పిలిచాడు. ఇద్దరూ లోపల్లోపల నవ్వుకునేవాళ్ళు.

కాల్విన్ చనిపోయిన రోజు కోచ్ తనను వేరే ఆటగాడికి కట్టుకట్టమని జిమ్‌లోకి పంపాడు. కిటికీలోంచి ఆ పిలుపు వినిపించింది. మూడుసార్లు. “చేతిలో టేప్ సగం చుట్టి ఉంది మావయ్యా. ఇది పూర్తిచేసి వెళదామనుకున్నా. రెండు నిమిషాలు. రెండే.”

కాలేజీ విచారణలో కోచ్, కాల్విన్ నీళ్ళు అడగలేదని, ట్రైనర్‌ని పేరు పెట్టి పిలిచాడని చెప్పాడు. నివేదికలో అదే రాశారు. జట్టులో తర్వాత ఆ పేరు ఎవరూ ఎత్తలేదట.

నాకు ఒళ్ళు మండిపోయింది, ముందు నామీద నాకే. కోచ్‌కి తెలుగు రాదు. నాకు అది తప్ప ఇంకోటి సరిగా రాదు. దాహంతో అడుగుతున్న మాటను నేను కూడా ఆడపిల్ల పేరనుకుని, అలాగే రాసుకున్నాను.

తర్వాత చేయగలిగిన ఆరా అంతా తీశాను. ఆండ్రే కోలుకున్నాక సుజాతతో వెళ్ళి అడిగాను. తను ఎవర్నీ పిలవలేదన్నాడు. పడిపోయినప్పుడు అతని నోట్లో పళ్ళ కవచం బిగించి ఉంది, నేనే లాగి తీశాను. దానితో ఏ మాటా స్పష్టంగా రాదు. అతను ఆ జనవరిలోనే వేరే రాష్ట్రం నుంచి చేరాడు. నీలూ అంటే ఏమిటని అతనే నన్ను అడిగాడు. పిలుపు వినిపించినప్పుడు కోచ్, మిగతా జట్టు అవతలి మైదానంలో నాకు కనబడుతూనే ఉన్నారు. షెడ్డు వెనక ఎత్తయిన కంచె, దాని అవతల రైలు కట్ట. కాల్విన్ ఆ మాట ఇంకెవరికైనా నేర్పి ఉండొచ్చని, పాత ఆటగాళ్ళను ఒక్కొక్కర్నీ సుజాత అడిగింది. అది సుజాత పేరనే అందరూ చెప్పారు.

ఆ వారమే తను కాలేజీకి ఉత్తరం రాయడానికి కూర్చుంది. గ్రీన్‌కార్డ్ ఆ కాలేజీ ద్వారానే నడుస్తోంది. వీసా వాళ్ళ చేతిలో ఉంది. నేను పెద్దమనిషి సలహా ఇచ్చాను. “కార్డ్ వచ్చాక రాయొచ్చు కదమ్మా.”

“నువ్వు పనిచేసింది పేపర్లోనా, బ్యాంకులోనా మావయ్యా?” అంది తల ఎత్తకుండా.

 ఉత్తరంలో అంతా రాసింది. వాటర్ అంటే పడే శిక్ష, కాల్విన్ నేర్చుకున్న మాట, దాని అర్థం, తన రెండు నిమిషాలు. ఆండ్రే సంగతి కూడా రాసింది. నేను విన్న పిలుపు గురించి మాత్రం రాయలేదు. అది రాస్తే మిగతాది కూడా నమ్మరంది. నేనైనా నమ్మేవాణ్ణి కాదు.

కాలేజీ లాయరు నుంచి ఒక పేజీ జవాబొచ్చింది. ఆ పదం, నీళ్ళు అడుగుతున్నట్టు సిబ్బంది గుర్తించగల భాషలోనిది కాదట. సుజాత సిబ్బంది కాదా? ఆ భాష ఆమెది కాదా? కాగితం చేతిలో పట్టుకుని ఆ గదిలో ఎన్నిసార్లు తిరిగానో నాకే తెలియదు. మరుసటి ఏడు ఆమె కాంట్రాక్ట్ పొడిగించలేదు. కోచ్‌ది పొడిగించారు.

సుజాత ఇప్పుడు వేరే రాష్ట్రంలో ఒక స్కూల్లో పనిచేస్తోంది. శిక్షణ మొదలయ్యే రోజున పిల్లలందరికీ ఒక తెలుగు మాట నేర్పుతుంది. ‘ళ’ ఎవరికీ రాదు.

ఆ మధ్యాహ్నం నేను విన్న గొంతు ఎవరిదో నాకు తెలియదు. ఎవరైనా కారణం చెబితే వింటాను. కాలేజీ నివేదికను ఎవరూ సవరించలేదు. అందులో కాల్విన్ నీళ్ళు అడగలేదనే ఉంది.