పచ్చ డబ్బాలో ఎర్ర ఆయిలు

ఫిర్మాన్ దెల్‌పుయెక్ జీవితమంతా కొండదారుల్లో గుంతలు పూడ్చడంతోనే గడిచింది. రోడ్ల పనిలో మేస్త్రీ. తన ఊరు మాలవియెల్ నుంచి పట్నానికి దిగే దారిలో మంచుకు తారు ఎక్కడ పగులుతుందో, ఏ మలుపులో నీరు నిలుస్తుందో కళ్ళు మూసుకుని చెప్పగలడు. ఉద్యోగం అయిపోయాక పార వదిలి స్పానరు పట్టాడు. ఎవరో రైతు గడ్డిమోపుల కింద మరిచిపోయిన పాత డీఎస్ కారును ట్రాక్టరుకు కట్టి ఇంటికి లాక్కొచ్చి, కొట్టంలో పెట్టాడు.

దాన్ని బాగుచెయ్యడం అతనికి ఎవరూ నేర్పలేదు. విప్పాడు, చూశాడు, బిగించాడు. తప్పయితే మళ్ళీ విప్పాడు. ఆ కారుకు ఇనప స్ప్రింగులు ఉండవు. చక్రానికొక ఇనప గుండు, అందులో ఒకపక్క గ్యాసు, ఒకపక్క ఆయిలు. బండి వాటి మీద తేలుతుంది. ఇంజను ఆపి వదిలేస్తే మెల్లగా కుంగి, తెల్లారేసరికి పొట్ట నేలకు ఆనించి పడుకుంటుంది. పొద్దున తాళం తిప్పితే మొదట వెనక భాగం ఎత్తి, ఆ తర్వాత ముందు భాగం ఎత్తి, అచ్చం ఆవు లేచినట్టు లేస్తుంది.

డీఎస్ అన్న పేరు వాళ్ళ ఫ్రెంచి భాషలో పలికితే 'దేవత' అన్నట్టే వినిపిస్తుంది. అతని భార్య ఒదీల్‌కు ఆ మాటతో ఎంత ఆడుకున్నా తనివి తీరేది కాదు. రోజూ వంటింటి కిటికీలోంచి కేకేసేది.

"ఏం, దేవత లేచిందా?"

"లేచింది."

"అయితే భక్తుడు వచ్చి కాఫీ తాగొచ్చు. ఆ ఎర్ర చేతులతో నా తలుపు ముట్టుకున్నావో, చూడు. కిందటిసారి రంగంతా ఊడింది."

నిజమే. ఆ కాలపు డీఎస్‌లలో పోసే ఎర్ర ఆయిలు ఎక్కడ పడితే అక్కడ రంగును తినేస్తుంది. తర్వాత వచ్చిన బండ్లకు పచ్చ ఆయిలు పెట్టారు. ఎర్ర ఆయిలు బండిలో పచ్చ ఆయిలు పడితే లోపలి రబ్బరు సీళ్ళన్నీ ఉబ్బి చెడిపోతాయి. అందుకే ఎర్ర ఆయిలు బండి భాగాలకు నల్లరంగు, పచ్చ ఆయిలు బండి భాగాలకు పచ్చరంగు వేస్తారు. బానెట్ ఎత్తి రంగు చూస్తే చాలు, ఎవరినీ అడగక్కర్లేదు.

ఫిర్మాన్ బండికి బానెట్ కింద ఉండే పాత ఆయిలు డబ్బా తుప్పుపట్టి చిల్లిపడితే, నల్లది ఎక్కడా దొరకలేదు. ఒక పచ్చ డబ్బా దొరికింది. శుభ్రంగా కడిగి బిగించాడు. నల్లరంగు వెయ్యాలనుకుంటూనే ఉన్నాడు. నేను తప్ప ఈ బానెట్ ఎత్తేవాడెవడులే అనుకున్నాడు.

ఇంతలో ఒదీల్‌కు ఎముకల్లో జబ్బు దిగింది.

పట్నం ఆసుపత్రికి తరచూ వెళ్ళి రావాలి. మొదటిసారి అంబులెన్సులో తీసుకెళ్ళారు. సగం దారిలోనే నొప్పికి ఆమె పెదవి కొరుక్కుంటే రక్తం వచ్చింది. ఆ తర్వాత ఫిర్మాన్ ఆమెను డీఎస్ వెనక సీట్లో కూర్చోబెట్టి తానే తీసుకెళ్ళేవాడు. ఆమె ఎక్కగానే బండి వెనక కాస్త కుంగేది. క్షణం ఆలోచించినట్టు ఆగి, మళ్ళీ తన ఎత్తుకు తానే లేచేది. గుంతలు చక్రాల దగ్గరే ఆగిపోయేవి, ఆమె దాకా వచ్చేవి కావు.

"నువ్వు రోడ్డు సరిగ్గా వేసుంటే ఇంత మంచి కారు అక్కర్లేకపోయేది," అనేది ఒదీల్.

"నేను వేసిన చోటే మెత్తగా పోతోంది. మిగతాది పక్క ఊరి మేస్త్రీది."

"అవునవును. మీ అందరికీ ఎప్పుడూ ఒక పక్క ఊరుంటుంది."

ఇంటికొచ్చి ఆమె దిగితే, బరువు తగ్గి బండి ఒక్కసారి పైకి పొంగేది. తర్వాత బుస్సుమని గాలి వదిలినట్టు చప్పుడు చేస్తూ కిందికి దిగేది. "చూశావా, నేను దిగితే నిట్టూరుస్తోంది. నీకంటే దానికే నేనంటే ప్రేమ," అనేది.

చలి మొదలయ్యే ముందు, చెస్ట్‌నట్ కాయలు రాలే రోజుల్లో ఒదీల్ తమ్ముడు ల్యూసియన్ ఒక బుట్టెడు కాయలు పట్టుకుని వచ్చాడు. అతనిదీ డీఎస్సే, తర్వాతి కాలంది. వయసులో సగం దాన్లోనే తిరిగాడు. ఆ రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. ఫిర్మాన్ మేడ మీద ఒదీల్‌కు బూట్లు తొడుగుతున్నాడు. ఊరికే నిలబడటం చేతకాని ల్యూసియన్ కారు అద్దాలు తుడిచాడు, టైర్లలో గాలి చూశాడు, బానెట్ ఎత్తాడు.

మునుపు ఫిర్మాన్ ప్రతి ఆదివారం ఆయిలు మూత తీసి చూసేవాడు. ఆ మధ్య ఒదీల్ దగ్గరనుంచి కదలలేక చూడలేదు. కొన్నాళ్ళకు స్టీరింగు బరువెక్కినట్టనిపించింది. బండి లేవడానికి ఎక్కువసేపు పడుతోంది. చలికి అనుకున్నాడు. ఆ చలిలోనే ఒదీల్‌ను ఆసుపత్రిలో ఉంచేసుకున్నారు.

ఒకరోజు డాక్టరమ్మ అతన్ని పక్కకు పిలిచింది. ఇక చెయ్యగలిగిందేమీ లేదు, ఇంటికి తీసుకెళ్ళవచ్చు అంది. ఒదీల్ కోరుకున్నదీ అదే. తన మంచం, తన కిటికీ.

మర్నాడు పొద్దున ఫిర్మాన్ వెనక సీట్లో రెండు దుప్పట్లు, ఆమె దిండు సర్ది తాళం తిప్పాడు. ఇంజను పలికింది. బండి లేవలేదు. వెనక భాగం జానెడు ఎత్తి, వణికి, మళ్ళీ కూలబడింది. బండి కింద తడి. మూత తీసి వేలు ముంచాడు. ఎర్ర ఆయిలు లేదు, పచ్చ ఆయిలు లేదు, బురద ఉంది.

కబురు విని ల్యూసియన్ పరుగున వచ్చాడు. "ఏమైంది బావా? కాయలు తెచ్చిన రోజు ఆయిలు తగ్గిందని నా డిక్కీలోంచి అరడబ్బా పోశానే!"

"ఏ ఆయిలు?"

"పచ్చది. నీ బండిలో డబ్బా పచ్చగా ఉంది కదా..."

ఫిర్మాన్ బానెట్ కిందికి చూశాడు. పచ్చ డబ్బా కళ్ళెదుటే ఉంది. "ఇంటికి పో," అన్నాడు.

ఆ సాయంత్రం బస్సులో ఆసుపత్రికి వెళ్ళి ఒదీల్‌కు చెప్పాడు. ఆమె అంతా విని, "అంబులెన్సు మాత్రం వద్దు ఫిర్మాన్. ఆ దారి నేనింక ఓర్చుకోలేను. నీ దేవత లేచేదాకా ఆగుతాలే," అంది.

స్టీరింగు, బ్రేకు, గేరు, పంపు, చక్రాల సిలిండర్లు అన్నీ ఆ ఆయిలు మీదే. ఎక్కడ రబ్బరు ఉంటే అక్కడ విప్పాలి. ఎర్ర ఆయిలు బండి సీళ్ళు ఏ కొట్లోనూ ఉండవు, పాతబండ్లవాళ్ళను బతిమాలి తెప్పించుకోవాలి. ఫిర్మాన్ ఒక్కో గొట్టాన్నీ స్పిరిటుతో కడిగి, ఊది, వెలుతురుకు పట్టి చూశాడు. ఉబ్బిన సీళ్ళు నానిన శెనగల్లా చేతికొచ్చాయి. తొందర ఎంతున్నా ఒక్కటీ పాతది వెయ్యలేదు. ఒదీల్ ఎక్కే బండి అది.

ల్యూసియన్ రోజూ కొట్టం గుమ్మం దాకా వచ్చేవాడు. "బావా, నట్లయినా కడుగుతా." ఫిర్మాన్ తలెత్తేవాడు కాదు.

ఆ సంగతి ఒదీల్ దాకా పోయింది. "తమ్ముడితో మాట్లాడటం లేదట?"

"వాడు చేసిన పని..."

"పచ్చ డబ్బాలో పచ్చ ఆయిలు పోశాడు. నువ్వయితే ఏం పోసేవాడివి?"

ఫిర్మాన్ సూదిమచ్చలున్న ఆమె చేతిమీదికి దుప్పటి లాగి లేచాడు. ఇంటికొచ్చి అన్ని పనులూ పక్కనపెట్టి, డబ్బాకు నల్లరంగు వేశాడు. ఒక పూత వేసి, ఆరాక ఇంకో పూత వేశాడు.

వెనక చక్రాల ఎత్తు సరిచూసే చిన్న యంత్రం బిగిస్తుండగా ఇంట్లో ఫోను మోగింది. చేతిలో ఉన్న నట్టు పూర్తిగా బిగించి వెళ్ళాడు. సగంలో వదిలితే పట్టు చెడుతుంది మరి. ఫోనులో నర్సు చాలా మెల్లగా మాట్లాడింది.

ఒదీల్‌ను నల్ల వ్యానులో ఇంటికి తెచ్చారు. ఫిర్మాన్ డ్రైవరు పక్కన కూర్చున్నాడు. ఆ గుంతలతో ఆమెకింక పని లేదు. అయినా ప్రతి గుంత దగ్గరా అతని పళ్ళు బిగుసుకున్నాయి. "కాస్త నెమ్మదిగా బాబూ," అన్నాడొకచోట. డ్రైవరు అతని ముఖం చూసి వేగం తగ్గించాడు.

ఆ తర్వాత కొట్టం తలుపు మూసే ఉంది. మంచు కరిగి ఆవుల్ని కొండమీదికి తోలే రోజుల్లో, ల్యూసియన్ వచ్చేసరికి అది తెరిచి ఉంది. ఫిర్మాన్ డబ్బాలో ఎర్ర ఆయిలు పోస్తున్నాడు. ల్యూసియన్ అలవాటుగా గుమ్మంలోనే నిలబడ్డాడు.

ఫిర్మాన్ తాళం తిప్పాడు. పంపు టకటకమని కొట్టుకుంది. చాలాసేపు ఏమీ కాలేదు. తర్వాత వెనక భాగం ఎత్తింది, ఆ వెంటనే ముందు భాగం. బండి లేచి నిలబడింది. కిందికి వంగి చూశాడు. ఒక్క చుక్క కారలేదు.

"రా. వెనక కూర్చో," అన్నాడు.

"నేనా బావా?"

"బరువు లేకుండా ఎలా తెలుస్తుంది? కూర్చో."

ల్యూసియన్ టోపీ తీసి చేత్తో పట్టుకుని ఎక్కాడు. దిండు ఇంకా అక్కడే ఉంది. దాన్ని నలపకుండా అంచున కూర్చున్నాడు. బండి కుంగింది. క్షణం ఆగింది. తనంత తానే పైకి లేచింది.

"లేచింది బావా," అన్నాడు ల్యూసియన్. కళ్ళు తుడుచుకుని తలుపు పిడి మీద చెయ్యి వేశాడు.

ఫిర్మాన్ స్టీరింగు మీంచి తల తిప్పలేదు.

"దిగకురా," అన్నాడు. "కాసేపు అలాగే కూర్చో. దిగితే నిట్టూరుస్తుంది."