సత్తిబాబు గారి విసురు వల

రిటైరవడానికి మూడేళ్ల ముందు నన్ను కోనసీమ తీరంలోని ఒక మండలానికి మత్స్యశాఖ అభివృద్ధి అధికారిగా వేశారు. చేరిన నెలలోనే రొయ్యల చెరువుల్లో తెల్లమచ్చల వ్యాధి మొదలైంది. అది సోకితే ఆ పంట మీద ఆశ వదులుకోవలసిందే.

వ్యాధి ఏ దారిన పాకుతోందో పట్టుకోవడం నా పని. చెరువుకొక చుక్క పెట్టి, సంబంధమున్న చుక్కల్ని గీతలతో కలపాలి. దీన్నే నెట్‌వర్క్ గ్రాఫ్ అంటారు. ముందు నీటి సంబంధం గీశాను. ఒకే కాలువ నీళ్లు తోడుకునే చెరువుల్లో ఒకటి పోయింది, పక్కది నిక్షేపంగా ఉంది. సీడ్, అంటే రొయ్యపిల్లల్ని, తెచ్చిన హేచరీల వారీగా గీసినా కుదరలేదు. గోడ మీది కాగితం చూసి మా అటెండరు, "ముగ్గు బాగా కుదిరిందండి, రంగులేద్దామా మేడమ్?" అన్నాడు. ఒళ్లు మండింది గానీ నవ్వూ వచ్చింది.

ఈసారి చెరువుకు ఎవరెవరు వస్తారో అడిగి గీశాను. పోయిన చెరువుల గీతలన్నీ సత్తిబాబు గారి దగ్గర కలిశాయి. రొయ్య ఎదుగుదల చూడటానికి విసురు వల వేసే జాలరి ఆయన. హస్తవాసి మంచిదని పేరు. తొలి వల ఆయనే వేయాలని రైతుల పట్టు. తడి వల భుజాన వేసుకుని ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు వెళ్లేవారు.

అయితే ఆయన వల వేసిన రెండు చెరువులు బాగానే ఉన్నాయి. వెళ్లి అడిగితే, అక్కడ ఆయన వేసింది రైతుల సొంత వల అని తేలింది.

రైతుల సమావేశంలో ఆయన పేరు చెబితే ఆ రోజుతో ఆయన బతుకుతెరువు పోతుంది. అందుకే ముందుగా గ్రాఫ్ కాగితం తీసుకుని ఆయన ఇంటికి వెళ్లి సంగతి చెప్పాను. ఆయన ముఖం పాలిపోయింది.

"నా సేతిలో దోషముందంటారేంటండి?"

చేతిలో కాదు, వలలో అని ఆ రెండు చుక్కలు చూపించాను. కాసేపు చూసి, "ఆయ్. అయితే నేనే సెబుతానండి" అన్నారు.

సమావేశంలో లేచి, ఇకమీద ఏ చెరువుకు ఆ చెరువు సొంత వల తన చేతికివ్వాలని, లేకపోతే హస్తవాసి పనిచేయదని షరతు పెట్టారు. శుభ్రత మీద నేను సిద్ధం చేసుకున్న ఉపన్యాసం మింగేశాను. కొద్దిరోజుల్లోనే గట్టుగట్టునా కొత్త వలలు ఆరుతున్నాయి. వ్యాధి అప్పటికే సోకిన చెరువులు దాటలేదు.

గ్రాఫ్‌లో గీతలు ఒకచోట కలిస్తే అక్కడున్న మనిషిని పట్టుకోవడం సులువు. లెక్కకు అందని చుక్కల్నే ముందు చూడాలి. ఆ రెండు చెరువుల్ని పొరపాటని కొట్టేసి ఉంటే, సత్తిబాబు గారి పని ఆగేది, తడి వల మాత్రం ఇంకొకరి భుజమెక్కేది.