గవరమ్మ వేలిముద్ర

దాదాపు యాభై ఏళ్లుగా ఒక మాట గొంతులో అడ్డం పడి ఉంది. మింగుదామంటే దిగదు, కక్కుదామంటే ధైర్యం చాలదు. మీరెవరో నాకు తెలీదు. నేనెవరో మీకు చెప్పబోవడం లేదు. ఆ రోజుల్లోనూ పేరు రాయకుండా ఒక ఉత్తరం రాశాను కాబట్టి ఈ విద్య నాకు కొత్తేం కాదు. చూశారా, మొదలుపెట్టీ పెట్టగానే వెటకారం. అసలు సంగతి దగ్గరకు వచ్చేసరికి ఏదో ఒక చమత్కారం విసిరి పక్కకు తప్పుకోవడం నాకు అలవాటు. ఈసారి తప్పుకోకూడదు.

డెబ్బైల మొదట్లో పాడేరులో పంతులమ్మగా పనిచేసేదాన్ని. మా ఆయన ఉద్యోగం చింతపల్లిలో. వారానికోసారి జీపులో ఇరుక్కుని వచ్చి, ఒక రోజుండి వెళ్లిపోయేవారు. నేనూ నాలుగేళ్ల మా అమ్మాయీ సర్కారు క్వార్టర్లో ఉండేవాళ్లం. ఒకే పెంకుల కప్పు కింద వరసగా అయిదు ఇళ్లు. పక్కింట్లో గవరమ్మ. సాలూరు నుంచి వచ్చింది. భర్త పోయాడు, పిల్లల్లేరు. ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషి. పొద్దునా సాయంత్రమూ అక్కడ వండి, మధ్యాహ్నమంతా ఇంటి దగ్గర ఉండేది. నేను బడిలో ఉన్నంతసేపూ మా అమ్మాయిని చూసుకునేది ఆమే. అడక్కుండానే మొదలుపెట్టింది. నేను కాదనలేదు. ఎందుకు కాదంటాను, నాకు హాయిగా ఉండేది.

గవరమ్మకు కోళ్లుండేవి. పది పన్నెండు నాటు పెట్టలు, ఒక ఎర్ర పుంజు. మా పెరడు చివర ముళ్లకంచె, కంచె దాటితే కొండవాలు. ఆ వాలు మీద, కంచెకు అవతల, వెదురు తడకలతో గూడు కట్టింది. క్వార్టర్ల ఆవరణలో పశువులనూ కోళ్లనూ పెంచకూడదని ఆఫీసు వాళ్ల నిబంధన. అది ఆమెకు తెలుసు. తెలిసే అక్కడ కట్టింది. అయితే నిబంధన కోళ్లకు తెలీదు కదా. పగలు కంచె సందుల్లోంచి దూరి వచ్చి నా కొత్తిమీర మడి కెలికేవి, అరుగు మీద రెట్టలు వేసేవి. చివరి ఇంట్లో ఉండే కాంపౌండరు రోజూ పైకే తిట్టేవాడు. నేను తిట్టేదాన్ని కాదు. చీపురుతో తోలి, నవ్వి ఊరుకునేదాన్ని.

ఆఫీసుకు ఫిర్యాదు రాసింది మాత్రం నేనే.

కొత్తిమీర కోసం రాశానని చాలా ఏళ్లు నన్ను నేను నమ్మించుకున్నాను. ఆ రెట్టల వల్ల పిల్లకు జబ్బు చేస్తుందేమోనన్న భయంతో రాశాననుకున్నాను. ఏ తల్లయినా అదే చేస్తుందనుకున్నాను. అదంతా ఒట్టి మాట. ఆ చలికాలం ఒక రోజు బడి వదిలి వచ్చేసరికి, మా అమ్మాయి గవరమ్మ ఒళ్లో కూర్చుని, ఒక చేత్తో కోడిపిల్లను పట్టుకుని చోడి అంబలి, అదే రాగి జావ, తాగుతోంది. నా చేత్తో పెడితే ప్రతి ముద్దకూ ఒక కథ చెప్పించుకునే పిల్ల. రమ్మన్నాను. రానంది. చెయ్యి పట్టుకు లాగాను. గవరమ్మ మెడ వాటేసుకుని, "నాను రాను, నాను గవరమ్మ గుంటని" అని ఏడ్చింది. గవరమ్మ నవ్వింది. ముద్దొచ్చి నవ్వింది, అంతే. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. కన్నది నేను. పిల్ల అనకుండా గవరమ్మ యాసలో గుంట అంటోంది. నా బిడ్డ మాట్లాడే మాట కూడా నాది కాకుండా పోయిందే అనిపించింది. అసూయ. ఇన్నేళ్లకు ఆ మాట కాగితం మీద పెట్టాను.

ఆ ఆదివారం పిల్లను గవరమ్మ దగ్గరే ఆడుకోమని పంపి, తలుపు గడియ పెట్టుకుని, ఎడమ చేత్తో, వంకర అక్షరాలతో ఆకాశరామన్న ఉత్తరం రాశాను. ఆవరణలో కోళ్లు పెంచుతోందని, అందరికీ ఇబ్బందిగా ఉందని. కోళ్లు పోతే పిల్ల అటు వెళ్లడం మానేస్తుందనుకున్నాను. గవరమ్మ ఇల్లు పోవాలని కోరుకోలేదు. నిజంగా కోరుకోలేదా? ఈ ప్రశ్న ఎన్నిసార్లు వేసుకున్నానో లెక్కలేదు. ఒక రోజు లేదంటాను, ఒక రోజు ఏమో అంటాను.

ఉత్తరం ఒక్కటే అయితే ఇంత బాధ ఉండేది కాదేమో. కోపంలో ఏదో చేశానని సర్దిచెప్పుకునేదాన్ని. కానీ కొన్నాళ్లకు గవరమ్మ పేరిట నోటీసు వచ్చింది. ఆమెకు చదువు రాదు. దాన్ని పట్టుకుని ఎవరి దగ్గరికి వస్తుంది? నా దగ్గరికే వచ్చింది.

"పంతులమ్మా, ఆఫీసోలు కాయితం అంపినారు. ఏటి రాసినారో బేగి సదివి సెప్పు."

చదివాను. "ఆవరణలో కోళ్లు పెంచుతున్నావని ఎవరో ఫిర్యాదు చేశారట. నువ్వు జవాబు రాసివ్వాలట. లేకపోతే క్వార్టర్ ఖాళీ చేయిస్తారట."

"ఆవరనలో ఏటి! గూడు కంచె అవతల కదా ఉన్నాది. నువ్వు రోజూ సూత్తన్నావు కదా?"

"చూస్తున్నాను."

"మరదే రాసీ. అవతలే ఉన్నాది, కావాలంతే వచ్చి సూసుకోండి అని రాసీ. పగులు కూడా గంప కింద మూసీసుకుంతానని రాసీ. ఈ కోటరు పోతే నాకు నిలవనీడ నేదు తల్లీ. ఈ ఊల్లో నాకు ఇల్లెవులిత్తారు?"

"అలాగే, గవరమ్మా," అన్నాను.

నా బడి కాగితం తీశాను. ఈసారి కుడిచేత్తో, గుండ్రటి అక్షరాలతో రెండు వాక్యాలు రాశాను. "క్వార్టర్ల ఆవరణలో కోళ్లు పెంచుచున్న మాట వాస్తవమే. వాటిని తీసివేయుటకు నాకు వీలు కాదు." ఒక్క అక్షరం కూడా కొట్టేసి దిద్దలేదు. అదే నన్ను ఇప్పటికీ భయపెడుతుంది. మా అమ్మాయి ఆమె కొంగు పట్టుకుని పక్కనే నిలబడి ఉంది. రాయడం అయ్యాక చదివి వినిపించమంది గవరమ్మ. వినిపించాను. కళ్లు కాగితం మీద పెట్టి, ఆమె నాతో చెప్పిన మాటలన్నీ, కంచె అవతలి గూడూ గంపా నిలవనీడా, ఒక్కటి వదలకుండా, కాగితంలో లేనివన్నీ ఉన్నట్టుగా, ఆగుతూ ఆగుతూ చదివాను. ఆమె ప్రతి మాటకీ తలూపింది. "బాగా రాసినావు తల్లీ," అంది.

బడి నుంచి తెచ్చిన సిరాదిండు మీద ఆమె బొటనవేలు నేనే అద్ది, నేనే పట్టుకుని ముద్ర వేయించాను. వంటచేసి వచ్చిన చెయ్యి, ఇంకా వేడిగా ఉంది. చదువు రానివాళ్ల కాగితం కింద రాసిపెట్టినవాళ్లు ఒక మాట రాసి సంతకం చెయ్యాలి. "చదివి వినిపించితిని" అని రాశాను. సంతకం పెట్టాను. అప్పుడైనా చింపెయ్యొచ్చు. ఆఫీసుకు తీసుకెళ్లి ఇచ్చేదాకా, ఆ అరమైలు దూరమూ, ప్రతి అడుగులోనూ చింపెయ్యొచ్చు. ఎందుకు చింపలేదు?

ఆఫీసు నుంచి ఎవరూ వచ్చి చూడలేదు. మనిషే ఒప్పుకున్నాక ఇంక చూడాల్సిందేముంది? క్వార్టర్ ఖాళీ చెయ్యమని కాగితం వచ్చింది. గవరమ్మ ఊళ్లో గది కోసం తిరిగింది, దొరకలేదు. కోళ్లను సంతలో అమ్మేసింది. పని వదులుకుని, సాలూరులో తమ్ముడింటికి బయల్దేరింది. ఫిర్యాదు కాంపౌండరే చేశాడని ఆమె నమ్మకం. వెళ్లేముందు అతని గుమ్మంలో నిలబడి దుమ్మెత్తి పోసింది. నేను కాదమ్మా అని అతను తన పిల్లల మీద ఒట్టేశాడు. నేను నా అరుగు మీద నిలబడి అంతా విన్నాను. తర్వాత నా దగ్గరికి వచ్చి, అమ్మకుండా మిగుల్చుకున్న ఒక పెట్టను నా చేతుల్లో పెట్టి, "గుంటకి గుడ్డెట్టు తల్లీ" అని జీపెక్కింది. ఆ పెట్టను మర్నాడే ఎవరికో ఇచ్చేశాను. ఆవరణలో కోడి ఉండకూడదు కదా.

మా అమ్మాయి చాలా రోజులు ఖాళీ గూడు దగ్గర కూర్చుంది. అంబలి అడిగింది, చేసి పెడితే ఉమ్మేసింది. నేను గెలుచుకున్నది అదీ.

ఎనభైల్లో ఒకసారి, ఈ మాట చెప్పేద్దామనే సాలూరు వెళ్లాను. వెతికి పట్టుకున్నాను. తమ్ముడి ఇంటి వసారాలో అడ్డాకులు ముందేసుకుని విస్తర్లు కుడుతోంది. చూపు తగ్గింది. నా గొంతు విని గుర్తుపట్టి, మరదలిని కేకేసింది. "నాకు అర్జీ రాసిచ్చిన పంతులమ్మ ఈవిడేనే. ఎంత బాగా రాసిందనుకున్నావు! ఆ ఆఫీసోలకే దయ నేకపోయింది గానీ." మరదలు నాకు పీట వేసింది. గుంట ఎలా ఉందని గవరమ్మ పదిసార్లు అడిగింది. వాళ్లు పెట్టిన అన్నం తిన్నాను. చెప్పలేదు. ఆమె మనసు ఎందుకు కష్టపెట్టాలని బస్సులో నాకు నేను చెప్పుకున్నాను. చూడండి, దానికీ దయ అనే పేరే పెట్టుకున్నాను. తర్వాత కొన్నేళ్లకు గవరమ్మ పోయిందని తెలిసింది. కాంపౌండరు అంతకుముందే పోయాడు.

పోయిన నెల మా అమ్మాయి ఫోన్ చేసింది. దాని మనవరాలికి అన్నం తినిపించడం యాతనగా ఉందట. మాటల్లో మాటగా, "నన్ను పెంచింది గవరమ్మ కదమ్మా. ఆ కాంపౌండరు పాపం ఊరికే పోదు," అంది. నేను ఊఁ కొట్టాను. ఆ ఊఁ అన్నప్పటి నుంచి కాలు ఒకచోట నిలవడం లేదు. వంటింట్లోంచి వీధిలోకి, వీధిలోంచి వంటింట్లోకి. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికో తెలీదు. కాంపౌండరు పిల్లలు ఎక్కడున్నారో కనుక్కోవాలని చూశాను. ఎవరూ చెప్పలేకపోయారు.

నిన్న ఇదంతా మా అమ్మాయికి ఉత్తరంగా రాశాను. అసూయ అన్న మాట కూడా రాశాను. నన్ను క్షమించమని రాయలేదు. క్షమించాల్సిన మనిషి అది కాదు. మీకు పేరు చెప్పలేదు గానీ ఆ ఉత్తరం కింద సంతకం పెట్టాను. ఇందాక వెళ్లి పోస్టు డబ్బాలో వేశాను. వేశాక, తిరిగి తీసుకోవడానికి చెయ్యి లోపలికి పోతుందేమోనని చూశాను. పోలేదు. ఇంటికి వచ్చి మీకిది రాస్తున్నాను. రేపో ఎల్లుండో అది చదువుతుంది. ఆ తర్వాత నాతో మాట్లాడుతుందో లేదో.

చాలా రోజుల తర్వాత ఆకలేస్తోంది. సిగ్గుగా ఉంది. అయినా ఆకలేస్తోంది.