స్రవంతి వెబ్‌సైట్‌లో కంత

సూర్యాపేటలో కంప్యూటర్ చదువంటే జోసెఫ్ సారే. రోజూ చివ్వెంల నుంచి బస్సెక్కి వచ్చి ఇన్‌స్టిట్యూట్‌లో పొద్దంతా పాఠాలు చెప్పేవాడు. అంతటి సారుకు 2009లో కడుపుమంట పట్టుకుంది. మిర్యాలగూడలో రైస్‌మిల్లు నడిపే వెంకటేశ్వర్లు, తన వెబ్‌సైట్ పని ఆయనకు కాకుండా, నిన్నమొన్నటి ఆయన శిష్యురాలు స్రవంతికి ఇచ్చాడు.

ఎవరైనా ఆమెను మెచ్చుకుంటే పైకి నవ్వేవాడు, లోపల కుతకుత ఉడికేవాడు. ఆ సైట్‌లో తప్పు వెతకడమే పనిగా పెట్టుకున్నాడు. దొంగదారుల గురించి నెట్‌లో చదివాడు. చివరికి డీలర్లు పేరు కొట్టే గడిలో, పేరుకు బదులు ఆదేశం ముక్క ఒకటి కొట్టి చూశాడు. పాస్‌వర్డ్ లేకుండానే మిల్లు వ్యాపారమంతా తెర మీదికొచ్చింది. అంత సంతోషం ఆయనకు ఈమధ్య కాలంలో కలగలేదు.

మర్నాడే మిల్లుకు వెళ్లి, స్రవంతి ఎదుటే వెంకటేశ్వర్లు సేటుకు ఆ పని చేసి చూపించాడు.

"సేటూ, మీరు గోదాం గుమస్తాకు చీటీ పంపిండ్రనుకోండ్రి. 'ఈ పేరున్నోనికి బస్తాలియ్యి' అని రాసి, పేరు జాగ ఖాళీ ఇడిసిండ్రు. వచ్చినోడు అందుల 'జానయ్య, లేకుంటే ఎవరైనా సరే' అని రాసుకుండు. మీరేం రాసిండ్రో, వాడేం రాసిండో గుమస్తాకు ఎట్ల తెలుస్తది? అందరికీ ఇస్తడు. ఈమె ప్రోగ్రామూ గంతే. జనం కొట్టింది కొట్టినట్టే డేటాబేస్ ఆదేశంల అతికించింది."

సేటు ముఖం మాడ్చుకున్నాడు. స్రవంతి తన ప్రోగ్రాం తెరిచింది. అది చూసి జోసెఫ్ నీరుగారిపోయాడు. లాగిన్ పాఠం చెప్పినప్పుడల్లా తాను బోర్డు మీద రాసే వరసలే అవి. డేటా దాచే పట్టికకు తన కూతురి పేరు పెట్టడం ఆయన అలవాటు. ఆ 'అఖిల' కూడా అక్కడే ఉంది. బోర్డు మీదిది పొల్లుపోకుండా ఎక్కించుకుంటే ఆయన క్లాసులో మంచి మార్కులు పడేవి. స్రవంతికి ఎప్పుడూ ఫస్టే.

"గిట్ల రాయమని ఎవరు నేర్పిండ్రమ్మా నీకు?" అన్నాడు సేటు.

జోసెఫ్ తెర మీది నుంచి చూపు తిప్పేసుకున్నాడు. నేనే అని చెప్పడానికి నోరు రాలేదు.

స్రవంతి ఒకసారి ఆయన వైపు చూసింది. "నెట్ల సూసి రాసిన సేటూ. తప్పు నాదే. రేపటికల్ల సరిజేస్త" అంది.

తప్పు నాదే అని చెప్పే గొప్పదనం కూడా ఆమెకే దక్కినందుకు జోసెఫ్‌కు మళ్లీ అసూయే పుట్టింది.