అత్త వేసిన మార్కులు

నా చిన్నప్పుడు, రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, అనకాపల్లిలో చక్రాల బూట్లు కట్టుకుని పాటకు నాట్యంలా తిరిగే పిల్లలం కొద్దిమందిమే ఉండేవాళ్లం. మాకు నేర్పేది మా మేనత్త, బడిలో డ్రిల్లు టీచరు. అమ్మ పోయాక నన్ను పెంచింది కూడా ఆవిడే. నాన్న లారీ మీద ఊళ్లు తిరిగేవారు. బడి వెనక సిమెంటు కోర్టే మా స్కేటింగ్ నేల.

ఆ ఏడు విశాఖలో జిల్లా పోటీలకు అత్తను కూడా జడ్జిగా పిలిచారు. ఆ కబురు తెలిసిన దగ్గర్నుంచీ తోటి పిల్లలు నాతో మాటలు తగ్గించేశారు. "నీకేటే, మీ అత్తే కదా మార్కులేత్తాది" అని ఒకమ్మాయి మొహం మీదే అనేసింది. బూట్ల తాళ్లు కట్టుకునేటప్పుడు ఎవరూ నా పక్కన కూర్చునేవారు కాదు. ఇంట్లో చెప్పుకుందామంటే, ఇంట్లో ఉన్నది అత్తే.

పోటీ రోజున నేను బాగా తిరిగాను. ఒంటికాలి మీద చుట్టు తిరిగేటప్పుడు ఎప్పుడూ తూలేదాన్ని, ఆ రోజు తూలలేదు. పాట ఆగాక జడ్జీలు మార్కుల అట్టలు పైకెత్తారు. మిగతావాళ్లు మంచి మార్కులే చూపించారు. అత్త అట్ట మీదే అందరికన్నా తక్కువ. దాంతో బహుమతి చేతిదాకా వచ్చి పోయింది. అయినా పిల్లలెవరూ నా దగ్గరికి రాలేదు. బస్సులో అత్త పక్కన కూర్చుని కిటికీలోంచి బయటికే చూస్తూ ఉన్నాను.

అనకాపల్లిలో దిగాక ఆవిడ ఇంటిదారి పట్టకుండా బడి వైపు నడిచింది. ఇంకా వెలుతురుంది. కోర్టులో ఎవరూ లేరు.

"ఎందుకత్తా అంత తక్కువేసేవు?" అని అప్పుడడిగాను. ఏడుపు ఆగలేదు.

అత్త మెట్టు మీద కూలబడింది. "మేనకోడలికి ఎక్కువేసేనంటారని బయమేసిందమ్మా. నువ్వు తిరుగుతున్నంతసేపూ జనం మొహాలే సూసేను, నిన్ను సూడలేదు. మార్కులు మారుత్తానని అడిగేను, కుదరదన్నారు. అసలు నువ్వు తిరిగేటప్పుడు నేనా కుర్చీలో కూకోకూడదు." నా బూట్ల సంచీ ముందుకు జరిపి, "మళ్లీ ఓసారి తిరుగుతావా? ఈసారి సూత్తాను" అంది.

పాట లేదు. చక్రాల చప్పుడొక్కటే. అలిసిపోయి ఉన్నానేమో, ఒంటికాలి చుట్టులో తూలాను కూడా. "అక్కడ ఎడంసెయ్యి దించేసేవు" అంది. ఇంకోచోట "బాగుంది" అంది. రెండూ నిజమేనని నాకు తెలుసు.

పోయిన బహుమతి తిరిగి రాలేదు. తోటి పిల్లలతో స్నేహం చాలాకాలానికి గానీ కుదరలేదు. మరుసటి ఏడు పోటీల్లో అత్త జడ్జీల బల్ల దగ్గరికి వెళ్లకుండా, తల్లులందరి మధ్యా కూర్చుంది.

ఇప్పుడు నేనూ టీచర్నే. మా అబ్బాయి నా తరగతిలోనే చదువుతున్నాడు. పరీక్షలప్పుడు వాడి జవాబు కాగితాన్ని పక్క టీచరుకు ఇచ్చేస్తాను. మార్కులు పడ్డాక, ఇంటి దగ్గర వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, వాడు రాసింది మొదటినుంచీ చివరిదాకా చదువుతాను.