బొక్కల పొడి

మా మరిది పోయాడన్న కబురు వచ్చేసరికి నేను చేపల మేతకు తవుడు జల్లిస్తున్నాను. కుంట దగ్గరి నుంచి పరుగెత్తుకొచ్చిన జాలరి వాకిట్లోనే ఆగిపోయి, "అవ్వా, చేపల సారు కట్ట మీద కూసున్నోడు కూసున్నట్టే పోయిండు" అన్నాడు. నేల మీద పడుకోబెట్టకపోయారా అన్నాను. "పండవెట్టినమవ్వా. వీపు భూమికి ఆనుతలేదు" అన్నాడు.

బతికి ఉన్నప్పుడూ అంతే. ఆరేళ్లుగా ఆ నడుము ఎవరి మాటా వినలేదు. జల్లెడ కింద పెట్టడానికి నాకు చాలాసేపు పట్టింది.

ఆయన నా భర్తకు తమ్ముడు. మా ఊరు నకిరేకల్‌కు నాలుగు కోసుల దూరం. మమ్మల్ని ఆంధ్రతో కలిపి ఒకే రాష్ట్రం చేసిన మరుసటి ఏడు, మా చెరువు కింద మూడు చిన్న కుంటలు తవ్వించి, రైల్లో డబ్బాలకెత్తి తెచ్చిన చేపపిల్లలను వదిలారు. ఉర్దూ బడిలో ఏడో తరగతి దాకా చదివిన మా మరిదిని వాటి బాగోగులకు పెట్టారు. సేద్యం చేసే ఇంటివాడికి చేపల కొలువేమిటని బంధువులు ముక్కున వేలేసుకున్నారు. "మట్టిలో పండించింది చూశాం కదా, నీళ్లలో పండించనీయండి" అన్నాను నేను. ఆయన నొచ్చుకోలేదు. నా మాటలకు నొచ్చుకోని మనిషి మా ఇంట్లో ఆయనొక్కడే.

పొద్దున్నే తవుడూ పల్లిచెక్కా కలిపి ముద్దలు చేసి కుంటలో వేసేవాడు. అవి తిన్నాకే ఇంటికొచ్చి తాను తినేవాడు. వారానికోసారి ఒక బొచ్చె చేపపిల్లను తడిచేత్తో పట్టుకుని, తల నుంచి తోక దాకా వీపు మీద బొటనవేలితో మెల్లగా రాసి చూసేవాడు. "చేప నొస్తున్నదని చెప్పది వదినా. మనమే చూడాలె" అనేవాడు.

రెండో ఏడు చేపపిల్లలు వంకరగా ఎదగసాగాయి. కొన్నిటికి నడుము విరిచినట్టు గూని, కొన్ని ఈదలేక పక్కకు ఒరిగి తేలేవి. ఎండాకాలంలో కుంటలకు మోటతో నీళ్లు పెట్టేది మేం తాగే బావి నుంచే. అప్పుడు అది ఎవరికీ తట్టలేదు. చూడవచ్చిన పెద్ద అధికారి, మేతలో ఖనిజ లవణాలు తక్కువయ్యాయి, ఉప్పూ ఎముకల పొడీ కలపమని చెప్పి, పొడి ఒక బస్తా పంపించాడు. ఆ వానాకాలం చేపలు తేరుకున్నాయి. మా మరిది ఒకదాన్ని ఇత్తడి చెంబులో వేసుకుని ఇంటికి తెచ్చి, "చూడు వదినా, సిపాయి లెక్క ఎంత సక్కగున్నదో!" అన్నాడు.

"నీకంటే నయం" అన్నాను. అప్పటికే ఆయన మెడ తిప్పాలంటే మనిషంతా తిరగాల్సి వచ్చేది. మా ఊళ్లో నలభై దాటిన వాళ్లంతా అట్లాగే తిరిగేవారు గనుక దాన్ని మేం రోగమనుకోలేదు, వయసనుకున్నాం.

బస్తా అయిపోయింది. ఎండలు ముదిరేసరికి చేపపిల్లలకు మళ్లీ వంకర మొదలైంది. "బొక్కల పొడి అయిపోయినది, తక్షణం పంపవలెను" అని మా మరిది పైఆఫీసుకు అర్జీ పెట్టాడు. మాకు బొక్కంటే ఎముక. కోస్తా నుంచి వచ్చిన వారికి బొక్కంటే చిల్లు. ఆ అర్జీ చదివిన గుమాస్తా ఎవరో కోస్తా ఆయన. రెండు నెలలకు బండి మీద మూడు బస్తాల సున్నం దిగింది. వెంట కాగితం: కుంట కట్టలకు పడిన బొక్కలను పూడ్చుకొనుటకు సున్నము పంపడమైనది.

నేను కడుపు పట్టుకుని నవ్వాను. ఆ దసరాకు మా గోడలంత తెల్లగా ఊళ్లో ఎవరి గోడలూ లేవు. "మళ్లీ రాయి, ఈసారి ఎముకల పొడి అని రాయి. లేదంటే నేను రాసిస్తాను" అన్నాను.

"నా ఒంట్ల ఉన్నయి బొక్కలే వదినా, ఎముకలు గావు. ఆళ్ల మాటల అడుక్కునుడు నాతోని గాదు."

"ఓహో, రోషానికేం తక్కువ లేదు."

రాయాల్సింది. నాకు చేతకాని పని కాదు, దస్తూరీ కూడా బాగుంటుంది. నవ్వుతూ కూర్చున్నాను.

ఆయన ఊరి బయట చచ్చిన ఎడ్లను, బర్రెలను వేసే చోటికి పోయి బొక్కలు ఏరుకొచ్చాడు. పిడకల మంటలో తెల్లగా కాల్చాడు. వాటిని దంచడానికి రోలు అడిగాడు.

"నా రోలు జోలికొస్తే నీ బొక్కలు దంచుత" అన్నాను.

"జర ఆగు, ఇంక గట్టివడనీ" అంటూ పోయి, కట్ట మీది బండరాయి మీద దంచుకున్నాడు. చేపలు తిన్నాయి. వంకర పోలేదు, అట్లాగని ఎక్కువైనట్టూ అప్పట్లో కనిపించలేదు.

ఆయనకు ఒక్కతే కూతురు. తల్లి పురిట్లోనే పోతే నా చేతుల్లో పెరిగింది. ఆరేళ్ల వయసులో దాని కాళ్లు మోకాళ్ల కింద బయటికి వంగడం మొదలైంది. ఒకనాడు మా మరిది దాన్ని అరుగు మీద కూర్చోబెట్టుకుని, మోకాలి నుంచి మడమ దాకా బొటనవేలితో రాసి చూస్తున్నాడు. చేపను చూసినట్టే. ఆ సాయంత్రం కాల్చిన బొక్కల మూటతో నా ముందుకొచ్చి నిలబడ్డాడు. బండ మీద దంచితే ఇసుక కలుస్తుందని, రోలు నేనే కడిగి ముందు పెట్టాను.

రెండేళ్లు, బిడ్డ పొద్దుటి జొన్న జావలో చిటికెడు పొడి. కలిపిన చేయి నాది. "పెద్దమ్మా, నేను గూడ చేపనా?" అని అడిగేది. "చేపయితే ఇంత వాగదు, తాగు" అనేదాన్ని. తాగేది. కాళ్లు ఇంకా వంగాయి. పొడి సరిపోవడం లేదేమోనని, చిటికెడును రెండు చిటికెలు చేశాం.

తరువాత హైదరాబాదు నుంచి ఒక డాక్టరు మా బావినీళ్లు సీసాల్లో పట్టుకుపోవడానికి వచ్చాడు. నీళ్లలోనే విషం వంటిదేదో ఉందని, అది ఏళ్ల తరబడి ఎముకల్లోనే పేరుకుంటుందని చెప్పాడు. మా మరిది బిడ్డను చూపించి, పొడి సంగతి కూడా చెప్పాడు. మంచి పని చేశానన్న ధీమాతోనే చెప్పాడు.

"ఎముకలు ఎక్కడివి?" అన్నాడు డాక్టరు.

"మా ఊరి గొడ్లవే సార్."

"అవి ఏ నీళ్లు తాగేవి?"

మా మరిది మనిషంతా బావి వైపు తిరిగాడు. బిడ్డ కాళ్లు వంచింది నీళ్లా, పొడా అని నేనడిగాను. విడదీసి చెప్పలేమమ్మా అన్నాడు డాక్టరు. బిడ్డను దవాఖానాకు తెచ్చినా వంగిన ఎముక తిరిగి రాదన్నాడు. మర్యాదస్తుడు, మా ఇంట్లో మంచినీళ్లు మాత్రం ముట్టలేదు.

ఆనాటి నుంచి మా మరిది నాతో పరాచికమాడలేదు. నేను ఎంత కవ్వించినా, "అట్లనే వదినా" అని ఊరుకునేవాడు. కుంటలకు బావినీళ్లు పెట్టడం మానేసి, వాననీళ్లు నిలిచినన్నాళ్లే చేపల్ని పెంచాడు. మేతలో ఉప్పు తప్ప మరేమీ కలపలేదు. చేపలు మెల్లమెల్లగా బాగుపడ్డాయి. మేం మాత్రం ఆ బావినీళ్లే తాగాం. ఇంకో బావి లేదు. రోలు నేను వాడటం మానేశాను. కానీ పారేయలేదు.

నెల కిందట కట్ట మీద నా పక్కన కూర్చుని, మెడ తిప్పలేక నీళ్లవైపే చూస్తూ అన్నాడు: "నేను పోతే నా బొక్కలు క్రిష్ణల కలుపుమను. గీ కుంటల మాత్రం ఒక్క తునుక పడనియ్యకుండ్రి వదినా. ఇవన్న సక్కగ బతకనీ."

మూడోనాడు ఎముకలు ఏరారు. వెన్నుపూసలు విడివిడిగా రాలేదట, ఒకే కర్రలాగా వచ్చిందట. కుండలో పట్టక విరవాల్సి వచ్చిందని నా కొడుకు నాకు చెప్పలేదు, జాలరి చెప్పాడు.

కుండ పట్టుకుని నా కొడుకు ముందు నడిచాడు. రోడ్డెక్కాలంటే కుంట కట్ట మీదుగానే పోవాలి. వెనుక నేనూ, పధ్నాలుగేళ్ల ఆ పిల్లా. దానితో పాటు నడవాలని మేం నెమ్మదిగా నడిచాం. ఎడమా కుడీ ఊగుతూ వేసే దాని అడుగుల చప్పుడు చేపలకు తెలుసు. మూడు రోజులుగా మేత లేదు. ఒక్కొక్కటిగా ఒడ్డుకొచ్చాయి. వీపులు తిన్నగా, నల్లగా మెరుస్తున్నాయి. నోళ్లు తెరిచి మాతోపాటే కట్ట పొడుగునా ఈదాయి.

"పెద్దమ్మా, ఆకలైతున్నట్టుంది వాటికి."

నా కొడుకు ఆగాడు. నేను ముందుకు పోయి, కుండ మూతి మీద కట్టిన గుడ్డ మీదుగా నా కొంగు కూడా కప్పి, రెండు చేతులతో అదిమి పట్టుకున్నాను.

"నడువు బిడ్డా" అన్నాను.

కట్ట అయిపోయేదాకా అవి వెంట వచ్చాయి.